పదిహేను నెలల వైరాగ్యం



ఉపనిషద్వాక్యాల గురించి, నిత్యకర్మానుష్ఠానం గురించి వ్రాయడం నాకు అలవాటు. నేడు వ్రాయబోయేది నా తల గురించి. శీర్షిక చూసి వైరాగ్యప్రకరణం అనుకొని వచ్చినవారు క్షమించాలి. ఇందులో వైరాగ్యం పేరు చాలాసార్లు వస్తుంది. ఆ పేరు పెట్టుకొన్న వస్తువు మాత్రం వేరు.

కోనసీమలో ఒక చిన్న శివాలయంలో ముప్పది రెండు సంవత్సరాలుగా అర్చకత్వం చేస్తున్నాను. మూడవ ఏట చౌలం జరిగిన నాటి నుంచి నా శిరస్సుపై శిఖ ఉన్నది. ఎనిమిదవ ఏట ఉపనయనం, ఆ వెంటనే వేదపాఠశాల. సంధ్యావందనానికి కూర్చున్న ప్రతిసారీ గాయత్రితో శిఖాబంధనం చేసుకోవడం నలుబది ఏళ్ళకు పైబడిన అభ్యాసం. నిద్రలో లేపినా నా వేళ్ళు ముందు ఆ ముడినే వెతుక్కుంటాయి. అర్చకుని విషయంలో మరొక విశేషం కూడా ఉన్నది. గర్భాలయంలో మేము స్వామికి అభిముఖంగా నిలుస్తాము కనుక, దర్శనానికి వచ్చిన భక్తునికి మా ముఖం కంటె ముందు మా వెనుకతల కనిపిస్తుంది. ఈ సంగతి నాకు యాభై నాలుగవ ఏట వరకు ఎన్నడూ తోచలేదు.

2022 శ్రావణమాసంలో శిఖామూలం వద్ద దురద మొదలైంది. దురద కంటె మంట ఎక్కువ. ముడి వేస్తే నొప్పి, విప్పితే కొంత ఉపశమనం. అభిషేకజలం, చెమట, గర్భాలయంలోని ఉక్క, వీటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుందని అనుకొన్నాను. కార్తీకమాసం ప్రవేశించడానికి ముందు క్షౌరానికి కూర్చున్నాను. మాకు క్షౌరం చేసే అతడు నా ఈడువాడే. అతని తండ్రి మా తండ్రిగారికి చేసేవాడు. కత్తి ఆపి, శిఖ ప్రక్కన వేలితో రెండుమూడు సార్లు నిమిరి చూశాడు.

"అయ్యగారూ, ఇక్కడ రూపాయి బిళ్లంత మేర జుట్టు పోయిందండి. పోతే పోయింది, చర్మం చూడండి, అద్దంలాగుంది. రంధ్రాలే లేవు. బట్టతల ఇలాగుండదండి."

అతడు వైద్యం చదువుకొన్నవాడు కాదు. వేల తలలు చూసినవాడు. ఆ మాటను నేను విన్నాను, వెంటనే మరచిపోవడానికి ప్రయత్నించాను.

ఇంట్లో తెలిసిన తరువాత ఎవరికి తోచిన పేరు వారు పెట్టారు. మా అత్తగారు పేనుకొరుకుడు అన్నారు. పేను వెంట్రుక మొదలును కొరికివేస్తే ఇలా గుండ్రంగా ఊడిపోతుందని పల్లెలలో ఒక నమ్మకం. వెల్లుల్లి రుద్దమన్నారు, ఎర్రగా కందేదాకా రుద్దాను. ఎదురింటి పెద్దాయన ఉమ్మెత్తాకు పసరు చెప్పారు. గుంటగలగర ఆకుతో కాచిన తైలం మా ఇంట ఎలాగూ ఉండేదే. చివరకు గురివింద గింజలు నూరి పట్టించాను. ఇంద్రలుప్తానికి గురివింద కల్కలేపనం చెప్పినది సుశ్రుతసంహిత. అందులో అబద్ధమేమీ లేదు. కాని నాది ఇంద్రలుప్తమని నిర్ణయించినది ఎవరు? నేనే. గురివింద విషద్రవ్యమనీ, దానికి శోధనక్రమం ఉన్నదనీ, వైద్యుని చేతి మీదుగా జరగవలసిన పని అనీ తెలిసి కూడా పెరటి గింజలు తెచ్చి నూరుకొన్నాను. మూడవనాటికి బొబ్బలు లేచాయి. చరకుడు రోగపరీక్షను ముందు ఉంచి, ఔషధాన్ని తరువాత ఉంచాడు. మాధవకరుడు కేవలం నిదానం కోసమే ఒక గ్రంథం వ్రాశాడు. మన వైద్యశాస్త్రాన్ని గౌరవిస్తున్నానని చెప్పుకొంటూ, ఆ శాస్త్రం మొదట చెప్పిన మాటనే నేను దాటివేశాను.

ఇక వైరాగ్యం విషయానికి వస్తాను. ఆ శీతకాలంలో సాయంకాలం వేళ కొందరు జిజ్ఞాసువులకు అధ్యాసభాష్యం చెబుతున్నాను. దేహధర్మాలను ఆత్మపై ఆరోపించుకొని మనిషి తాను స్థూలుడననీ, కృశుడననీ భావిస్తాడనీ, ఇంద్రియధర్మాలను ఆరోపించుకొని మూగవాడననీ, చెవిటివాడననీ, గ్రుడ్డివాడననీ భావిస్తాడనీ భగవత్పాదులు వివరించిన ఘట్టం. ఆ జాబితాలో ఖల్వాటుడు లేడు. నేను చేర్చాను. "నేను బట్టతలవాడను అనుకోవడం కూడా అధ్యాసయే" అని చెప్పగానే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి రెండు అద్దాలు ఎదురెదురుగా పట్టుకొని వెనుకతల చూసుకొంటూ అర్ధగంట కూర్చున్నాను.

ఎవరైనా పరామర్శిస్తే నా వద్ద సిద్ధంగా ఉన్న సమాధానం ఒక్కటే. దేహమే మన వెంట రానిది, దాని పైన మొలిచిన రోమాలకు ఇంత చింతనా? విన్నవారు చేతులు జోడించేవారు. అది నన్ను మరింత పాడుచేసింది. ఆ మాట చెబుతూనే శిఖను కొంచెం ప్రక్కకు తెచ్చి, ఖాళీ మీదుగా కప్పి ముడి వేసుకోవడం నేర్చుకొన్నాను. హారతి ఇచ్చేటప్పుడు ఉత్తరీయాన్ని మెడ వెనుకగా కొంచెం పైకి లాగుకొనేవాడిని. ప్రతిదినం ఉదయం రక్తపోటు మాత్ర వేసుకొంటాను. ఆ మాత్ర విషయంలో నాకు ఎన్నడూ దేహమిథ్యాత్వం గుర్తుకు రాలేదు.

2023 భాద్రపదంలో ఒక తల్లి తన ఎనిమిదేళ్ళ కుమార్తెను ఆలయానికి తీసుకొని వచ్చింది. పాప తలపై రెండుచోట్ల జుట్టు రాలి, పొట్టు లేస్తూ, ఒకచోట వాపు కూడా ఉన్నది. "ఏదైనా దోషమేమో చూడండి పంతులుగారూ" అన్నది. చర్మరోగమనగానే సర్పదోషం, సుబ్రహ్మణ్యారాధన అనే మాటలు మా నోట వాటంతట అవే వస్తాయి. ఆరు మంగళవారాలు అర్చన చేయించమన్నాను. విభూతి ఇచ్చి తలపై రాయమన్నాను. వైద్యుని వద్దకు వెళ్ళమన్న మాట నోటిదాకా వచ్చింది, రాలేదు. ఆ మాట ఆమెతో అంటే, మరి మీ తల సంగతేమిటని ఆమె అడగకపోయినా నేను అడుక్కోవలసి వస్తుంది.

2024 మాఘమాసంలో ఒక ఆదివారం అరసవల్లి వెళ్ళాను. సూర్యారాధన వలన చర్మవ్యాధులు శమిస్తాయన్న విశ్వాసంతో అక్కడికి ఎందరో వస్తారు. కృష్ణపుత్రుడైన సాంబుడు కుష్ఠువు నుంచి విముక్తుడైన పురాణగాథ మనందరికీ తెలిసినదే. నేను కూడా ఆ గాథను మనస్సులో పెట్టుకొనే వెళ్ళాను. ఇంద్రపుష్కరిణి దగ్గర ఎండలో కూర్చున్నప్పుడు తల భగ్గున మండింది. అప్పటికి ఆ ఖాళీ రూపాయి బిళ్ల పరిమాణం దాటి మూడు వేళ్ళ వెడల్పు అయింది. సాంబుడు తన రోగాన్ని దాచుకోలేదు, ఉపాయం అడిగాడు, అడిగిన తరువాత చెప్పినట్లు చేశాడు. నేను ఏమి అడిగాను? ఇది ఎవరికీ తెలియకుండా పోవాలి స్వామీ అని అడిగాను. అది ప్రార్థన అనడానికి కూడా నాకు నోరు రావడం లేదు.

తిరిగి వచ్చిన రాత్రి మా ఇంటావిడ అన్నం వడ్డిస్తూ అన్నది. "ఏమండీ, అబ్బాయికి చిన్నప్పుడు జ్వరం వస్తే అర్ధరాత్రి సైకిలు మీద అమలాపురం తీసుకెళ్ళారు. అప్పుడు దేహం మిథ్య అనలేదేం?"

నేను బదులు పలకలేదు. ఆ మరుసటి వారం కాకినాడ వెళ్ళాము.

చర్మవైద్యురాలు చిన్న వయస్సు ఆవిడ. నన్ను కూర్చోబెట్టి, శిఖ విప్పమన్నది. పరస్త్రీ ఎదుట శిఖ విప్పడానికి చేయి వణికింది. ఆ సంకోచాన్ని ఆమె గమనించి, తాను చూసుకొంటానంటూ ముట్టుకోకుండా, నేను విప్పేదాకా కాగితం మీద ఏదో వ్రాసుకొంటూ కూర్చున్నది. తరువాత దీపం అమర్చిన చిన్న భూతద్దం వంటి పరికరం తలపై ఆనించి చాలాసేపు చూసింది. దురదా, మంటా, ముడి వేస్తే నొప్పా, అని అడిగింది. నోరు తెరిపించి బుగ్గల లోపలి భాగం చూసింది, అక్కడ తెల్లని జాలీ వంటి గీతలు ఉంటాయేమోనని. గోళ్ళు చూసింది, మణికట్లు చూసింది. తలకు వైద్యం కోసం వెళ్తే నోరు ఎందుకు చూస్తారో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఈ జాతి రోగం ఒక్కొక్కరిలో ఆ స్థానాలలో కూడా కనిపిస్తుందట.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది గురువుగారూ?"

"జుట్టు పోవడం గమనించి పదిహేను నెలలు."

ఆమె నన్ను ఏమీ అనలేదు. పదిహేను నెలలు అని వ్రాసుకొన్నది, అంతే.

ఆ తరువాత ఆమె వివరించినది నాకు తెలిసినంతలో ఇక్కడ వ్రాస్తాను, ఎందుకంటే నాలాగే చాలామంది జుట్టు రాలడం అంటే ఒకే రోగమని అనుకొంటారు. తీవ్రజ్వరం వచ్చిన రెండుమూడు నెలలకు దువ్వెన నిండా ఊడేది ఒకటి, అది చాలావరకు తనంతట తానే సర్దుకొంటుంది. రక్తంలో ఇనుము తగ్గినందువలన, థైరాయిడ్ గ్రంథి దోషం వలన పలుచబడేది మరొకటి, మూలకారణాన్ని సరిచేయాలి. నాణెమంత మేర నున్నగా, నొప్పి లేకుండా ఊడేది, పల్లెలలో పేనుకొరుకుడు అనేది, పేను వలన రాదు. దేహంలోని రక్షణవ్యవస్థయే పొరబడి రోమమూలాలపై దాడి చేయడం వలన వస్తుంది. అందులో మూలాలు చావవు కనుక తిరిగి మొలిచే అవకాశం బాగా ఉంటుంది, మొదట తెల్లగా మొలవడం కూడా కద్దు. పిల్లల తలలో పొట్టు లేచి, జుట్టు విరిగి ఊడేది తరచుగా బూజుజాతి సూక్ష్మజీవి వలన వచ్చే తామర. ఇది ఒకరి నుంచి మరొకరికి అంటుకొంటుంది. పైపూతలు దానికి చాలవు, లోపలికి మాత్రలు వాడాలి.

ఈ చివరి మాట విన్నప్పుడు నాకు ఆ పాప గుర్తుకు వచ్చింది. ఆ తరువాత ఆమె చెప్పినది కొంతసేపు నా చెవికి ఎక్కలేదు.

నాది వీటిలో ఏదీ కాదేమో అన్నది. రోమకూపాల ముఖాలు మూసుకుపోయి ఉన్నాయన్నది. మా క్షురకుడు కార్తీకానికి ముందు వేలితో నిమిరి చెప్పినది సరిగ్గా ఈ మాటే. నిశ్చయం కోసం చర్మశకలం తీసి పరీక్షించాలన్నది. 4 మిల్లీమీటర్ల గుండ్రని కత్తితో, మత్తుసూది ఇచ్చి తీస్తారు. పూర్తిగా జుట్టు పోయినచోట నుంచి తీస్తారని అనుకొన్నాను. కాదట. జుట్టు ఇంకా నిలిచి ఉన్న అంచు దగ్గర, ఎర్రదనం ఉన్నచోట తీయాలి. పోయినచోట మచ్చ మాత్రమే దొరుకుతుంది, రోగం ఏమిటో తెలియదు. ఉన్న నాలుగు వెంట్రుకలలో కొన్నింటిని పరీక్షకు ఇవ్వవలసి రావడం నాకు బాధ కలిగించింది. దాచడంలో ఏమి అర్థం ఉందో అప్పటికైనా తెలిసి ఉండాలి.

కుట్టు మానేదాకా గర్భాలయప్రవేశం చేయలేదు. గాయం నుంచి రక్తం స్రవించే స్థితిలో స్వామిని స్పృశించరాదని మా సంప్రదాయం. మా తమ్ముడి కుమారుడు వచ్చి పది దినాలు అర్చన నడిపాడు. భక్తులు అడిగితే తలకు చిన్న శస్త్రచికిత్స జరిగిందని చెప్పమన్నాను. అది మొదటిసారి నేను నిజం చెప్పించడం.

ఫలితం వచ్చింది. లైకెన్ ప్లానో పైలారిస్ అని పేరు. రక్షణకణాలు రోమకూపం పైభాగంలో, వెంట్రుకను మళ్ళీ మళ్ళీ పుట్టించే మూలకణాలు ఉండే చోటనే చేరి దానిని నశింపజేస్తాయి. ఆ స్థానం మచ్చగా మారుతుంది. అంటువ్యాధి కాదు, అశుచి వలన వచ్చినది కాదు. స్త్రీలలో ఎక్కువ, పురుషులలోనూ వస్తుంది. సుశ్రుతుడు ఇంద్రలుప్తం చెబుతూ శ్లేష్మరక్తాలు రోమకూపాలను నిరోధించడం వలన తిరిగి మొలవవని వర్ణించాడు. ఆ మాటా ఈ మాటా ఒకటేనని నేను వాదించను. అలా వాదించేవారి వ్యాసాలు చదివి చదివి విసుగు చెందాను. రెంటిలోనూ కూపం మూసుకుపోవడాన్ని కళ్ళతో చూసినవారు ఉన్నారని మాత్రం అనుకొన్నాను.

"పోయినది తిరిగి రాదు గురువుగారూ. మనం చేసే వైద్యం ఉన్నదానిని నిలబెట్టడానికి." ఈ మాట ఆమె రెండుసార్లు చెప్పింది, నాకు వినిపించలేదేమోనని. వినిపించింది. పదిహేను నెలల క్రితం ఆ స్థానం రూపాయి బిళ్లంత. నేడు మూడు వేళ్ళు. ఈ రెంటి నడుమ ఉన్న భూభాగమంతా నా వైరాగ్యం.

చికిత్స సుదీర్ఘం. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి అంచు వెంబడి చర్మంలోకి సన్నని సూదితో స్టెరాయిడ్ మందు. రాత్రివేళ లేపనం. మొదట ఇచ్చిన ద్రవం స్పిరిటు వాసన వేసింది, మడికి ఇబ్బంది అని చెప్పుకొంటే నవ్వకుండా అదే మందు ముద్ద రూపంలో వ్రాసి ఇచ్చింది. లోపలికి హైడ్రాక్సీక్లోరోక్విన్, తొలుత మలేరియాకు వాడిన మందు. శరీరపు బరువును బట్టి, కిలోకు 5 మిల్లీగ్రాములు మించకుండా లెక్కకట్టారు. చాలాకాలం వాడితే కంటిపొరను బాధించే అవకాశం ఉన్నందున మొదలుపెట్టేటప్పుడే కంటిపరీక్ష చేయించారు. గుణం తెలియడానికి నెలలు పడుతుందనీ, మానివేయవద్దనీ, ముడి బిగించవద్దనీ ఆమె చెప్పింది.

ముడి బిగించవద్దు అన్నచోటనే నా అసలు భయం బయటపడింది. ఈ శిఖ పూర్తిగా పోతే నా కర్మాధికారం ఏమవుతుంది? అర్చకుని పీఠంపై నేను కూర్చోవచ్చునా? ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేదు. కూడదని అంటారేమోనన్న భయం.

ఎనభై నాలుగేళ్ళ మా పెద్దనాన్నగారు ధర్మశాస్త్రంలో నిష్ణాతులు. వెళ్ళి పాదాలకు నమస్కరించి చెప్పాను. ఆయన వాలుకుర్చీలో వెనుకకు వాలి నవ్వారు.

"ఒరేయ్, బట్టతల నిన్ననే పుట్టిందిట్రా? ఖల్వాటుడైనవాడు కుశలతో బ్రహ్మగ్రంథి వేసిన శిఖ ధరించి కర్మ చేసుకోవచ్చునని పెద్దలు ఎప్పుడో చెప్పారు. అది అడగడానికి ఇన్నాళ్ళా? దర్భలు మనింట్లో లేవా?"

శాస్త్రానికి ఈ రోగం ఎదురుపడింది, మార్గం చూపింది, సిగ్గుపడమని ఎక్కడా చెప్పలేదు. నేను ప్రతిదినం ఏకాదశరుద్రాభిషేకంలో పలికే శ్రీరుద్రంలోనే, ఐదవ అనువాకంలో, స్వామికి కపర్ది అనీ వ్యుప్తకేశుడనీ రెండు నామాలు ప్రక్కప్రక్కనే ఉన్నాయి. జటాజూటధారి, ముండితశిరస్కుడు, ఇద్దరూ ఆయనే. నలుబది ఏళ్ళుగా స్వరం తప్పకుండా చెబుతున్నాను. మరునాడు అభిషేకంలో ఆ రెండవ నామం దగ్గర గొంతు పట్టుకొన్నది. ప్రక్కనున్న మా తమ్ముడి కుమారుడు అందుకొని కొనసాగించాడు.

ఇక ఆ పాప. చైత్రంలో వాళ్ళ ఇంటికి నేనే వెళ్ళాను. అర్చకుడు ఇంటికి వచ్చాడని ఆ తల్లి కంగారుపడి కుర్చీ తుడిచింది. నేను చెప్పదలచుకొన్నది దారి పొడుగునా కూడబలుక్కొన్నాను. అమ్మా, ఆనాడు నేను చెప్పినది సరికాదు, పాపను వెంటనే వైద్యునికి చూపించు, ఆలస్యమైతే మచ్చ పడవచ్చు. సగం చెప్పేసరికి ఆమె తల దించుకొన్నది.

"మీరు అర్చన చెప్పిన వారంలోనే చూపించామండి. తామర అన్నారు. ఎనిమిది వారాలు మాత్రలు వాడాం. ఇంట్లో అందరి దువ్వెనలూ తువ్వాళ్ళూ వేరు చేశాం. మీకు చెప్తే నొచ్చుకుంటారని చెప్పలేదండి. డాక్టరుగారు తలమీద ఏమీ రాయొద్దన్నారు, అందుకని మీ విభూతి నుదుటనే పెట్టాను. ఆరు మంగళవారాలూ అర్చన మాత్రం మానలేదండి."

పాప లోపలి నుంచి వచ్చింది. రెండు జడలు. వాపు ఉన్నచోట గోరంత మచ్చ ఒకటి మిగిలింది, పాపిడి అటువైపు తీయకుండా తల్లి జాగ్రత్తపడుతున్నది. నేను ఆశీర్వదించి వచ్చేశాను. నన్ను నొప్పించకుండా, నా మాట పాటించకుండా, నా స్వామిని విడవకుండా ఆ ఇల్లాలు చేసిన పని నాకు ఏ పాఠశాలలోనూ ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి దేహబాధ చెప్పుకొని ఆలయానికి వచ్చినవారిని మొదట ఒక ప్రశ్న అడుగుతున్నాను, వైద్యునికి చూపించారా అని. చూపించామంటేనే సంకల్పం చెబుతున్నాను. దక్షిణ తగ్గుతుందని మా వాళ్ళలో ఒకరిద్దరు హెచ్చరించారు. తగ్గలేదు. తగ్గినా చేసేది అదే.

మొన్న క్షౌరానికి కూర్చున్నాను. చికిత్స మొదలై ఏడాది దాటింది. మంట లేదు, దురద లేదు. శిఖ పలుచనిదే గాని ఉన్నది, వదులుగా ముడివేస్తాను. ఖాళీ మీదుగా కప్పడం మానివేశాను. అతడు అలవాటుగా ఆ స్థానం దగ్గర కత్తి ఆపి, మూడు వేళ్ళు ఆనించి కొలిచాడు.

"పోయినేడూ మూడు వేళ్ళే, ఇప్పుడూ మూడు వేళ్ళేనండి. అంచు జరగలేదండి అయ్యగారూ."

సరే కానీయవోయ్ అన్నాను. అతడు కత్తి కడుక్కోవడానికి నీళ్ళు అడిగాడు.